ఇంజన్ లేదన్న ఏజెంట్

2025 జూన్. సముద్రంలో వేట నిషేధం ముగియడానికి ఇంకా రెండు రోజులున్నాయి. శ్రీకాకుళంలో బోటు ఇంజన్లు అమ్మే ఒక దుకాణంలో, సర్వీసు బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. నా ఉద్యోగం టెక్నికల్ రైటింగ్. అయితే నేను రాసేది మనుషులు చదివే పుస్తకాలు కాదు. ఏఐ ఏజెంట్లు చదివే డాక్యుమెంట్లు.

సేల్స్ పైప్‌లైన్ అంటే అమ్మకం నడిచే దారి. విచారణ, రేటు, ఖరారు, డెలివరీ అన్నవి అందులో మెట్లు. ఎవరి డీల్ ఏ మెట్టు మీద ఉందో వెతికి చెప్పే చిన్న ప్రోగ్రామే లుకప్ టూల్. దుకాణం వాళ్లు తెలుగులో ప్రశ్న టైపు చేస్తే, ఏజెంట్ ఆ టూల్‌ని వాడి జవాబు చెప్తుంది. టూల్‌ని ఎప్పుడు వాడాలి, దానికి ఏం ఇవ్వాలి, వచ్చినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలి: ఈ మూడూ ఏజెంట్‌కి తెలిసేది టూల్ డిస్క్రిప్షన్, అంటే టూల్ గురించి రాసిపెట్టిన వివరణ ద్వారానే. అక్కడ ఉన్నది ఒకే ఒక్క వాక్యం: ‘కస్టమర్ పేరు ఇస్తే డీల్ వివరాలు ఇస్తుంది.’ దాన్ని సరిగ్గా రాయమనే, ఈ ఏజెంట్‌ని తయారుచేసిన మా కంపెనీ నన్ను పంపింది.

నేను మొదలుపెట్టేలోపే పోలమ్మ వచ్చింది. చేపల వ్యాపారం ఆవిడది. ఇంజన్ తీసుకెళ్లడానికి ఆటో కూడా మాట్లాడుకుని వచ్చింది. మేనేజరు రమణమూర్తి గారు ఆవిడ పేరు టైపు చేశారు. ‘పోలమ్మ అనే కస్టమర్‌కు ఆర్డరు ఏదీ లేదు’ అంది ఏజెంట్. ఆవిడ భర్త ఎర్రయ్య పేరుతో అడిగినా అదే జవాబు.

“ఏటి, లేదంతన్నాదా? మీ సేల్స్ సింహాచలం మా ఇంట్లో సేపల పులుసు తిని మరీ రాసుకెల్లినాడు!”

“ఆడి ఫోను కలవట్లేదమ్మా. ఆ మోడల్ ఒక్కటే ఉన్నాది. ముందు ఖరారు సేసుకున్నోలికే ఇస్తాం. మజ్జానం ఇంకో పార్టీ వస్తాది. ఆర్డరు కనపడకుండా నీకెలా ఇచ్చీమంతావు?” అన్నారు రమణమూర్తి గారు.

“ఎల్లుండి అందరి బోట్లూ ఎల్తాయి. మాది ఒడ్డున కూకుంతాదా? నాలుగిల్లు దాని మీదే బతకతన్నాయి బాబూ.” ఆవిడ గొంతు పెద్దదే, కానీ కళ్లు మాత్రం మూలనున్న ఆ ఇంజన్‌ని వదల్లేదు.

నేను ట్రేస్ తెరిచాను. ఏజెంట్ ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేసిందో అందులో కనిపిస్తుంది. టూల్‌ని సరిగ్గానే పిలిచింది. టూల్ కూడా సరిగ్గానే ఖాళీ ఫలితం ఇచ్చింది. తప్పు ఆ తర్వాత జరిగింది: ‘ఈ పేరుతో దొరకలేదు’ అన్నదాన్ని ఏజెంట్ ‘ఆర్డరే లేదు’ అని చదువుకుంది.

“ఎవరి పేరు రాయించారు పిన్నీ?” అని అడిగాను.

“మనిసి పేరు రాయించలేదు. నలుగురు వాటాదార్లం. ఒకడి పేరు రాస్తే మిగతా ముగ్గురూ మూతులు ముడుసుకుంతారు. గంగమ్మ తల్లి అని బోటు పేరే రాయించీసినాం.”

నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఆ పేరు నేనే కొట్టి చూడొచ్చు. కానీ రేపు ఇంకో బోటు వాళ్లు వస్తే? “సార్, రెండు నిమిషాలు” అని టూల్ డిస్క్రిప్షన్‌లో గబగబా రాశాను:

‘కస్టమర్ పేరు మనిషిది కావచ్చు, బోటుది కావచ్చు. ఖాళీ ఫలితం వస్తే ఆ పేరుతో దొరకలేదని మాత్రమే అర్థం. ఆర్డరు లేదని చెప్పకూడదు. బోటు పేరు అడిగి మళ్లీ వెతకాలి. ఒకటికి మించి దొరికితే ఊహించకూడదు, ఊరు అడగాలి.’

“ఇంజను ఈడుంతే నువ్వేటి రాస్తన్నావు నాయనా?” అని పోలమ్మ గొణుగుతూనే ఉంది.

మళ్లీ ఆవిడ పేరే టైపు చేశాను. ‘పోలమ్మ పేరుతో దొరకలేదు. ఆర్డరు బోటు పేరు మీద ఉందేమో, ఆ పేరు చెప్పగలరా?’

బల్ల మీద గట్టిగా చరిచాను, స్పానర్లు ఎగిరిపడ్డాయి. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చలేదు. చేర్చినవి ఐదు తెలుగు వాక్యాలే. గంగమ్మ తల్లి అని కొడితే ఆ పేరుతో మూడు బోట్లు దొరికాయి. ఏజెంట్ ఏదో ఒకటి ఎంచుకోకుండా ఊరు అడిగింది. ఊరు చెప్పగానే జవాబొచ్చింది: ‘ఆర్డరు ఖరారైంది. డెలివరీ ఇవ్వాలి.’

“మన సింహాచలం కన్నా మర్యాదగా అడగతన్నాదిరా ఇది!” అని రమణమూర్తి గారు పెద్దగా నవ్వారు.

పోలమ్మ మాత్రం నవ్వలేదు. స్క్రీన్ దగ్గరకు వంగి, “ఈ ముక్క ముందే అడిగితే నీ నోటి ముత్తేలు రాలిపోతాయేటి?” అని కడిగేసింది. తర్వాత ఇంజన్‌కి ఒక పక్క తనే చెయ్యి వేసి ఆటో ఎక్కించుకుంది.

టూల్ ఏం ఇస్తుందో రాయడమే నా పని అనుకునేవాణ్ని. ఇప్పుడు ప్రతి డాక్యుమెంటూ రెండో వైపు నుంచి మొదలుపెడతాను: ఏజెంట్‌కి ఏమీ దొరకనప్పుడు, ఎదురుగా నిలబడ్డ మనిషిని ఏం అడగాలి?