మీట మీద బొట్టు చూసిన సారు

మా సారు పోయారు. ఆ కబురు మన రిటైరైనవాళ్ల సంఘం సెక్రటరీ ఫోన్లో చెప్పాడు. ఒకప్పుడు మా డిపోలో లారీ నడిపినవాడు, నాకు వరసకి బావ.

"సారు పోయేర్రా బావా. నిన్న సాయంత్రం, గుండె ఆగిపోయింది. నీకు సెప్పాలా వద్దా అని సేనాసేపు ఆలోసించేను," అన్నాడు.

"నా కాగితం తేల్చకుండానే పోయేరా?" అన్నాను నేను.

"ఇంకా అదేనేటి నీకు," అన్నాడు.

అదే. పన్నెండేళ్లుగా అదే. నా సర్వీసు బుక్కులో ఒక ముక్క రాసి ఉంది. ఎవరి ఆర్డరూ లేకుండా గదుల్లోకి వెళ్లి ప్రభుత్వం కంప్యూటర్లు ముట్టుకున్నానని. నేను ఆర్డరు లేకుండా వెళ్లలేదు. సారు వెళ్లమంటే వెళ్లాను. ఆ ఒక్క ముక్క వల్ల ఊడ్చేవాళ్ల మీద జమేదారు కావలసినవాణ్ణి సఫాయివాలాగానే దిగిపోయాను. ముప్పై నాలుగేళ్లు చీపురు పట్టినవాడికి చివర్లో కొన్నాళ్లయినా పదిమంది చేత పని చేయించే గౌరవం దక్కాలి. నాకు దక్కలేదు. దానికి సారే కారణమని నమ్మాను. ఆ నమ్మకం మీదే ఇన్నాళ్లు బతికాను.

ఈ పత్రిక చదివేవాళ్లలో సారు ఎవరో తెలియని కుర్ర పెన్షనర్లకి చెబుతున్నాను. విశాఖపట్నంలో మిలిటరీ వాళ్ల సామాన్ల డిపో మాది. సారు యూనిఫారం వేసిన మనిషి కాదు, సివిల్ ఆఫీసరు. కంప్యూటర్లు, ప్రింటర్లు, వాటి వైర్లు, ఏది కొనాలన్నా ఆయన సంతకం ఉండాలి. నక్షత్రాలు పెట్టుకున్న పెద్ద ఆఫీసర్లు కూడా ఆయన గది బయట బెంచీ మీద కూర్చునేవారు. ఆయన ఎవర్నీ కావాలని కూర్చోబెట్టేవారు కాదు. పంపిన కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివేవారు, అంతే. చదవడానికి టైము పడుతుంది కదా.

ఒక దీపావళికి కంపెనీ మనిషి ఒకడు ఆయన బల్ల మీద స్వీటు డబ్బా పెట్టి వెళ్లిపోయాడు. సారు నన్ను పిలిచి, "పరిగెత్తు, గేటు దాటకముందే ఇచ్చేసి రా," అన్నారు. ఆ వయసులో నన్ను అంత దూరం పరిగెత్తించినందుకు వగరుస్తూ వచ్చి విసుక్కున్నాను.

"ఒక ముక్క తింటే ఏటవుతాది బాబూ? మీకొద్దంటే నాకిచ్చీవచ్చు కదా."

"వాడి స్వీటు తిన్న నోటితో వాడి ధర ఎక్కువని అనలేమయ్యా," అన్నారు. సాయంత్రం బజారు నుంచి పావుకేజీ కొని తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇది నా డబ్బు. ఇప్పుడు తిను."

అలాంటి మనిషి.

మార్చి దగ్గర పడితే డిపోలో హడావిడిగా ఉండేది. ఆ ఏడాది డబ్బు నెలాఖరులోగా ఖర్చుపెట్టకపోతే వెనక్కి పోతుందని ప్రతి సెక్షనూ కొత్త కంప్యూటర్లు కావాలని రాసి పంపేది. ఒక ఏడు పెద్ద సెక్షనొకటి గది నిండా కొత్తవి అడిగింది. ఉన్నవి చాలడం లేదట. సారు ఆ కాగితం పట్టుకుని గదికే వచ్చారు. నేను ఊడుస్తున్నాను. ఆయన ఒక కంప్యూటరు డబ్బా మీద కప్పిన గుడ్డ ఎత్తి చూసి, వంగి, అలాగే ఉండిపోయారు.

"ఎవరు పెట్టేరయ్యా ఈ బొట్టు?"

"నానే బాబూ. దసరాకి, ఆయుధపూజ రోజున. తుపాకులకి ఆళ్లు పెడతారు, ఈటికి నాను పెడతాను."

"ఆన్ చేసే మీట మీద ఎందుకు పెట్టేవు?"

"మనిసికి నుదురెలాగో దానికి మీట అలాగ. ఇంకెక్కడ పెట్టమంటారు?"

సారు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. పసుపు తడిపి పెట్టి, దాని మీద కుంకుమ అద్దిన బొట్టు. పూజ రోజున ఎలా పెట్టానో అలాగే ఉంది.

"దసరా వెళ్లి ఐదు నెలలైంది. రోజూ నొక్కితే ఇది ఉంటుందా?"

"ఎలాగుంటాది బాబూ? రెండో రోజుకే రాలిపోద్ది."

"అన్నింటికీ పెట్టేవా?"

"ఒక్కటీ ఒగ్గలేదు."

"అయితే రేపు ఊడవడానికి వెళ్లినప్పుడు ప్రతి గదిలోనూ గుడ్డ ఎత్తి చూడు. దేన్నీ ముట్టుకోకు. బొట్టు ఎక్కడెక్కడ ఉందో వచ్చి నాకు చెప్పు. ఎవరైనా అడిగితే నేను పంపేనని చెప్పు."

నేను రెండు రోజులు చూశాను. చదువు రాకపోయినా నాకు జ్ఞాపకం గట్టిది. ఏ గదిలో ఏ మూలవాటికి బొట్టు ఉందో వరసగా చెప్పాను. సారు రాసుకున్నారు. నేను చెప్పింది నమ్మి ఊరుకోలేదు, తనే వెళ్లి మళ్లీ చూశారు. అది నాకు నచ్చింది. ఎవరి మాటైనా ఆయనకి ఒకటే లెక్క.

ఆ సెక్షను అడిగినవి ఆపేశారు. బొట్టు చెరగని వాటిలో కొన్నింటిని అక్కడ నుంచి తీయించి, బొట్టు నిలవని చోట్లకి పంపించారు. మా డిస్పెన్సరీ కాంపౌండరు దగ్గర ఒకే పాత కంప్యూటరు ఉండేది. దాని మీద నా బొట్టు సాయంత్రం దాకా కూడా ఉండేది కాదు. దానిలో పేరు కనపడేదాకా జ్వరంతో ఉన్న సిపాయిలు వరండాలో నిలబడేవారు. అతనికి రెండు వచ్చాయి. అతను ఎప్పుడూ అడగలేదు. అడగడం ఎలాగో అతనికి తెలియదు.

లారీ నడిపే మా బావ నన్ను చూసినప్పుడల్లా, "ఒరే బావా, శత్రువులికి బయపడని మిలిటరీ నీ బొట్టుకి బయపడతందిరా," అనేవాడు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. సారు ట్రైనింగుకి పూణే వెళ్లారు. ఆయన అటు వెళ్లగానే ఫైళ్లు చూసే మా ఆఫీసు సూపరింటెండెంటుగారు నన్ను పిలిచారు. బల్ల మీద మెమో ఉంది.

"గదుల్లో గుడ్డలెత్తి చూడమని ఎవరు చెప్పేరు నీకు?"

"సారు చెప్పేరు బాబూ."

"కాగితం ఉందా?"

"ఊడిసేవోడికి కాగితమెవరిస్తారు బాబూ?"

"అయితే ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టాను. నా పేరు రాయడం వచ్చు, పైన ఏం రాసుందో చదవడం రాదు. ఆ సంతకంతోనే నా సర్వీసు బుక్కులో ఆ ముక్క ఎక్కింది. సారు తిరిగొచ్చాక ఆయన గదికి వెళ్లి నిలబడ్డాను.

"వెళ్లే ముందే నోటు రాసేనయ్యా. నిన్ను నేనే పంపేనని రాసి సూపరింటెండెంటు చేతికిచ్చేను, ఫైల్లో పెట్టమని," అన్నారు. ఫైలు తెప్పించారు. అందులో లేదు. మళ్లీ ఇంకొకటి రాశారు. శిక్ష పడ్డాక రాసింది చెల్లదని పైవాళ్లు తిప్పి పంపారు. తర్వాత ఆయన్ని వేరే ఊరు వేశారు.

నాకు కనిపించినది ఒక్కటే. ఫైల్లో కాగితం లేదు. ఊరందర్నీ కాగితం ఏదని అడిగే మనిషి నా విషయంలో కాగితం రాయడం మరిచిపోయి, ఇప్పుడు రాశానంటున్నాడు అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆయనకి నమస్కారం పెట్టడం మానేశాను.

పోయిన చెరుకు క్రషింగు సీజన్లో సారు మా చోడవరం వచ్చారు. గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు ట్రాక్టర్లు రోడ్డంతా నిలబడి ఉన్నాయి. నేను బస్సు కాంప్లెక్సు ఎదురుగా టీకొట్టు దగ్గర కూర్చున్నాను. బస్సు దిగి, చేతిసంచీ పట్టుకుని, ఎవర్నో అడుగుతూ నా దగ్గరికే వచ్చారు. బాగా తగ్గిపోయారు. చొక్కా ఆయనది కానట్టు వేలాడుతోంది.

నేను లేవలేదు. ఇంటికి రండి అనలేదు. మా ఇల్లు అక్కడికి నాలుగడుగులు. మా వైపు పగవాణ్ణయినా ఇంటికి రమ్మంటాం.

సారే పక్కన బెంచీ మీద కూర్చుని సంచీలోంచి కాగితం తీశారు. "దరఖాస్తు రాసేను. నీ మీద ఉన్న ముక్క కొట్టేయమని. ఏం జరిగిందో అంతా రాసి నేను సంతకం పెట్టేను. నీ సంతకం కూడా కావాలి."

"సదవకుండా సంతకం పెట్టి ఒకసారి పాడైపోనాను బాబూ."

"చదివి వినిపిస్తాను."

"అక్కర్లేదు. ఆ రోజు రాసుంటే ఈ రోజు రాయక్కర్లేదు."

టీకొట్టు వాడు కూడా మా వైపు చూశాడు. సారుకి కోపం రాలేదు. "రాసేనయ్యా. నకలు ఉంచుకోలేదు. పదిమందికి చెప్పేవాణ్ణి నకలు ఉంచుకోమని. మనిషి చేతికి ఇచ్చేను కదా అనుకున్నాను. అది నా తప్పే," అన్నారు. మంచినీళ్లు అడిగి తాగారు. కాగితం నా పక్కన పెట్టి, ఎగిరిపోకుండా గ్లాసు దాని మీద ఉంచారు. "కోపం తగ్గేక పెట్టు," అని అనకాపల్లి బస్సెక్కారు.

అదే చివరిచూపు.

మూడో రోజున విశాఖపట్నం వెళ్లాను. సారు భార్య, అమ్మగారు, నన్ను ఎప్పుడూ చూడలేదు, అయినా గుర్తుపట్టారు. "చోడవరం నుంచి వచ్చేరా?" అన్నారు. "మీ కాగితం కోసం రిటైరయ్యాక మూడుసార్లు డిపోకి వెళ్లేరండి. పాసు లేదని గేటు దగ్గరే ఆపేసేరు. మూడోసారి ఎండలో నిలబడి వచ్చి పడుకున్నారు. ఎందుకండీ మీకిదంతా అంటే, 'అతను నా మాట మీద వెళ్లేడు' అన్నారు."

నేను ఎవరికీ తప్పయిపోయిందని చెప్పే మనిషిని కాను. ఆవిడ ముందు చెప్పాను. చెప్పవలసిన మనిషి లేడు.

ఆ దరఖాస్తు మా మనవరాలి చేత మొత్తం చదివించుకుని, సంతకం పెట్టి, రిజిస్టర్ పోస్టు చేశాను. వాళ్లు ఫైలు తీస్తారు, నోటు లేదంటారు. అందుకని మనవరాలి చేతే ఇక్కడ ఇది రాయిస్తున్నాను. సూపరింటెండెంటుగారూ, మీరు కూడా మన సంఘం మెంబరే. ఈ పత్రిక రాగానే పోయినవాళ్ల పేజీ ముందు చూస్తారు. ఈ వయసులో మనమందరం అంతే కదా. నాకు జమేదారు పని ఇప్పుడు అక్కర్లేదు, దాని జీతం తేడా అక్కర్లేదు. మిమ్మల్ని ఎవరి ముందూ నిలబెట్టను. సారు పూణే వెళ్లకముందు ఆ నోటు మీ చేతికిచ్చారా, లేదా? ఒక్క మాట. ఇచ్చారంటే, ఆయన అబద్ధమాడలేదని అమ్మగారి ఇంటికెళ్లి నేనే చెబుతాను. ఇవ్వలేదంటే, అది కూడా నా మొహం మీదే చెప్పండి.

వచ్చే నెల రెండో ఆదివారం సంఘం మీటింగు ఉంది. మొదటి బస్సుకే వస్తాను. హాలు తలుపు దగ్గర కూర్చుంటాను, మీరు రాకముందే. ఆ రోజు భోజనాలకి పిలిచేలోగా నాకు జవాబు కావాలి.