గుట్ట దారిలో రూతమ్మ కేక

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్ళుమంట. మా నాన్న మిషన్ బడిలో పిల్లలకు అక్షరాలు నేర్పి, ఆదివారం ప్రార్థన చేయించే ఉపదేశి. మా ఇంట్లో ఎవరూ తాయెత్తు కట్టుకోలేదు, దిష్టి తీయించుకోలేదు. పెద్దయ్యాక ఆ మంట ఇంకా పెరిగింది. మనిషి చేసిన పాపాన్ని నెత్తిన వేయడానికి ఒక దయ్యం దొరికితే చాలు, ఊరు ఊరంతా హాయిగా నిద్రపోతుందని నా కళ్ళతో చూశాను.

అయినా ఇది చెప్పాలి. విన్నది విన్నట్టు చెబుతాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మా ఆదోని తాలూకా బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలో జరిగిన సంగతి. మా ఊరు ఆదోని గుట్టలకు అవతలి పక్క. బండి దారిన పోతే గుట్టలన్నీ చుట్టుకొని పోవాలి. కాలిబాటన ఎక్కి దిగితే ఆదోనే. ఊళ్ళో ఆడవాళ్ళం చాలామందిమి అక్కడి పత్తి మిల్లులో చెత్త ఏరే పనికి పోయేవాళ్ళం. పొద్దున్నే సద్దిమూట నెత్తిన పెట్టుకొని గుట్ట ఎక్కితే, తిరిగి వచ్చేసరికి సాయంత్రం.

ఆ బాట తేలికైనది కాదు. ఒకచోట రెండు పెద్ద గుండ్ల మధ్య సందు, ఒక్క మనిషి మాత్రమే పట్టేంత. సందు దాటితే నున్నటి బండ, తడిస్తే సబ్బులా జారేది. ఆ పైన సీతాఫలం పొదలు, ముళ్ళకంప. నా చెల్లెలు రూతమ్మ ఎప్పుడూ అందరికంటే ముందు నడిచేది. పెళ్ళై ఏడాది కూడా కాలేదు దానికి. మనిషి సన్నం, గొంతు మాత్రం గుట్ట పగిలేటంత. "ఓ...య్! ఈడ రాయి కదులుతాంది, సూసుకొని రాండి!" అని వెనక్కి కేకేసేది. మాట చివర గొంతు పైకి లేపి వదిలేది. ఆ కేక పట్టుకొని మేం నడిచేవాళ్ళం.

కొత్త రోడ్డుకు కంకర కావాలని ఒక కంట్రాక్టరు వచ్చి, మా బాట పక్కనే గుట్ట కొట్టించడం మొదలుపెట్టాడు. బండకు బెజ్జాలు వేసి, మందు దట్టించి, వత్తి అంటించి పేల్చేవాళ్ళు. అంటించే ముందు ఒక మనిషి బాట పైన నిలబడి, ఎర్రగుడ్డ ఊపి, గట్టిగా అరిచి అందరినీ ఆపాలి. ఆ పని మేస్త్రీ గిడ్డయ్యది. మా పక్క ఊరివాడే. బుద్ధి పుడితే అరిచేవాడు, లేకపోతే లేదు. రెండుసార్లు మా కళ్ళ ముందే రాళ్ళు ఎగిరొచ్చి పడ్డాయి. రెండోసారి రూతమ్మ వాడి మీదికి పోయింది.

"నోరు లేదాప్పా నీకు? అంటిచ్చే ముందర అరసాల గదా? మేము మనుసులమా, మేకలమా?"

"నీకుండాది గదమ్మా అంత నోరు, నువ్వే అరుసుకో పో" అని గిడ్డయ్య నవ్వాడు. చుట్టూ ఉన్న కూలీలు కూడా నవ్వారు.

ఒకరోజు మిల్లులో ఇంజను చెడిపోయి మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. ఎండలో గుట్ట ఎక్కాం. ఆ వేళప్పుడు బాటలో ఎవరుంటారులే అనుకున్నట్టున్నాడు గిడ్డయ్య. ఎర్రగుడ్డ లేదు, కేక లేదు. రూతమ్మ సందు దాటి బండ మీదికి అడుగు పెట్టింది. నేను దాని వెనకే సందులో ఉన్నాను. ఢామ్మని పేలింది. దుమ్ము విడిపోయేసరికి నా చెల్లెలు బండ మీద పక్కకు ఒరిగి పడివుంది. తలకు రాయి తగిలింది. దుప్పట్లో వేసుకొని ఆదోని ఆసుపత్రికి మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. అంత గొంతున్న మనిషి చివరికి ఒక్క మాటా అనలేదు.

తర్వాత పంచాయతీ జరిగింది.

ఊరి చావడి దగ్గర పెద్దలు కూర్చున్నారు. కంట్రాక్టరు తెల్ల బట్టల్లో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గిడ్డయ్య చేతులు కట్టుకొని నిలబడి, "నేను అరిసినాను సామీ, గొంతు పోయేట్టు అరిసినాను. ఆ పాపకు ఇనపల్యా. ఆ సందు కాడ దయ్యం గాలి ఉండాది. ఆడోళ్ళు ఒంటిగా పోతే సెవులు మూసేస్తాది" అన్నాడు. ఒంటిగా ఎక్కడ పోయింది? నేను దాని వెనకే ఉన్నాను. చెప్పాను. అక్క కాబట్టి దుఃఖంలో ఏదో అంటోందన్నారు. కంట్రాక్టరు సందు దగ్గర ఒక మేకను కోయించి, నిమ్మకాయలు కట్టించాడు. అంతటితో విచారణ అయిపోయింది. దయ్యం ముద్దాయి, గిడ్డయ్య సాక్షి.

మా నాన్న మీద కూడా నాకు కోపం వచ్చింది. జీవితమంతా దయ్యాల్లేవని బోధించిన మనిషి, ఆ రోజు తల వంచుకొని, "దేవుని సిత్తం, ఊరుకో తల్లీ" అన్నాడు. ఊరుకోలేదు. కానీ ఏం చేయగలిగాను? మళ్ళీ అదే బాటన అదే మిల్లుకు నడిచాను. వేరే దారి లేదు.

సీతాఫలాలు పండే కాలం వచ్చింది. మిల్లులో పత్తి తక్కువై, మళ్ళీ ఒకరోజు తొందరగా వదిలారు. మా చిన్నమ్మ సత్యమ్మ, నేను, మా వీధి ఆడవాళ్ళు ఇద్దరు, నలుగురం గుట్ట ఎక్కుతున్నాం. ఎండ తీక్షణంగా ఉంది, గాలి లేదు. ఆ రోజు కూలీలకు సెలవు. బండ కొట్టేచోట సుత్తి చప్పుడు కూడా లేదు. గిడ్డయ్య మాత్రం పనిముట్లు చూసుకోవడానికి కాబోలు, ఆదోని నుంచి గొడుగు వేసుకొని వచ్చి మమ్మల్ని దాటి ముందుకు పోయాడు. నేను మొహం తిప్పుకున్నాను.

వాడు సందు దాటి బండ మీదికి పోయాడు. మేం నలుగురం సందులో ఉన్నాం, ఒకరి వెనక ఒకరం.

అప్పుడు పైనుంచి వినబడింది.

"ఓ...య్! ముందర పోయేటోళ్ళు ఆగండీ...!"

నా చెల్లెలి గొంతు. అలాంటి గొంతు అని నేను అనడం లేదు. దానిదే. చివర పైకి లేపి వదలడం కూడా దానిదే. చిన్నమ్మ వెనకనుంచి నా రెక్క పట్టుకుంది. గోళ్ళు దిగాయి. గిడ్డయ్య ఒక కాలు ముందుకు వేసి, రెండోది ఎత్తబోతూ ఆగిపోయాడు.

ఆగాడో లేదో, పైన తొలిచి వదిలేసిన పెద్ద గుండు కదిలింది. పొదల్ని నలుపుకుంటూ వచ్చి వాడి ముందు బండ మీద పడి రెండుగా పగిలింది. కాళ్ళ కింద నేల అదిరింది. దుమ్ము మా నోళ్ళలోకి వచ్చింది.

గొడుగు ఎక్కడో పడిపోయింది. గిడ్డయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. మా వైపు తిరిగాడు. వాడి మొహం సున్నం కొట్టినట్టుంది.

"రూతమ్మ గొంతు గదా అది?" అన్నాడు. "నేను అరసలేదమ్మా. ఆ పొద్దు నేను అరసలేదు. ఎవురూ రారులే అని ఇడ్సిపెట్టినా. అబద్దం సెప్పినా." రెండు చేతులూ జోడించాడు. నాకు కాదు, ఆ గుట్ట పైకి.

నాకు భయం వేయలేదు. ఎవరో మా చెల్లెలిని వెక్కిరిస్తున్నారనిపించింది. చిన్నమ్మ వద్దంటున్నా వినకుండా, చేతికి దొరికిన పొద పట్టుకొని పైకి ఎక్కాను. ఎవరైనా దొరికితే రాయితో కొట్టేదాన్ని. పైన బోసిబండ. మనిషి దాక్కునే చాటు లేదు. అవతలి వాలంతా కనబడుతోంది. పిట్ట కూడా లేదు. "ఎవరే అది?" అని అరిచాను. నా అరుపు నాకే తిరిగి రాలేదు. అక్కడ మాట ప్రతిధ్వనించదు. తర్వాత ఎన్నోసార్లు పోయి అరిచి చూశాను.

మేకలు కాసేవాళ్ళను అడిగాను. ఆ రోజు అందరూ కింద వంక దగ్గరే మేపుతున్నారు. పైకి ఎవరూ రాలేదు.

మర్నాడు పెద్దల్ని మళ్ళీ కూర్చోబెట్టించాను. గిడ్డయ్య నలుగురి ముందు ఒప్పుకున్నాడు కదా, ఈసారైనా న్యాయం జరుగుతుందనుకున్నాను. రాత్రికి రాత్రి వాడికి ఎవరు ధైర్యం నూరిపోశారో తెలియదు. చావడిలో గొంతు సవరించుకొని, "సామీ, నేను ఒప్పుకున్న్యాది ఏమీ లేదు. కానీ గాలి అరిసింది నిజమే. ఆడ దయ్యం ఉండాదని నేను ముందే సెప్పలేదా?" అన్నాడు.

పెద్దలు తలలూపారు. నా చెల్లెలి కేకే వాడికి సాక్ష్యమైంది.

మాతో ఉన్న ఆడవాళ్ళిద్దరూ నేల చూపులు చూశారు. వాళ్ళ మగవాళ్ళు ఆ కంట్రాక్టరు దగ్గరే కూలీలు. చిన్నమ్మ ఒక్కతే నా పక్కన నిలబడింది. కేక వినలేదని చెబితే, అది విని వాడు ఒప్పుకున్నదీ లేదన్నట్టే, గిడ్డయ్య ఇంకా గట్టిగా తప్పించుకుంటాడు. విన్నానంటే వాడి దయ్యానికి నేనే ప్రాణం పోసినట్టు. ఏం చేయాలి?

"ఇన్నాను" అన్నాను. "నా సెల్లెలి గొంతే. దయ్యం కాదు. దయ్యమైతే సంపుతాది గానీ ఆపుతాదా? గిడ్డన్నా, నువ్వు సేయాల్సిన పని నువ్వు సేయల్యా. సచ్చినంక అదొచ్చి సేసింది. సిగ్గు లేదా నీకు?"

గిడ్డయ్య నా కళ్ళలోకి చూడలేక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అంతే. ఎవరూ తీర్పు చెప్పలేదు. ఒక్కొక్కరే లేచిపోయారు.

కానీ ఆ మాట గుట్ట దాటింది. కూలీలు ఆ చోట పనికి రామన్నారు. కొన్నాళ్ళకు కంట్రాక్టరు సామాను కట్టుకొని వేరే గుట్టకు పోయాడు. న్యాయం అడిగితే కదలనివాడు భయానికి కదిలాడు. అక్కడ మాత్రం పేల్చే ముందు ఒకటికి మూడుసార్లు అరిపించేవాడని విన్నాను. మరి మా గుట్ట మీద అరవడానికి నోరెందుకు రాలేదు?

తర్వాత చాలామందితో చెప్పాను. ఎండదెబ్బ అన్నారు, దుఃఖం అన్నారు. దుఃఖం నాకుంటుంది, చిన్నమ్మకుంటుంది. గిడ్డయ్యకెందుకుంటుంది? వాడు కూడా విన్నాడు, విని ఆగాడు. ఐదుగురం ఒకే మాట విన్నాం. అది ఎలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు.

అంతకంటే తెలియనిది ఇంకొకటుంది. ఆ గుండు పగిలి పడినచోటికి తర్వాత పోయి చూశాను. మేం నలుగురం ఉన్నది సందులో. అటూ ఇటూ ఏనుగంత గుండ్లు. పైనుంచి ఏది పడినా మాకు తగలదు. కేక వినబడకపోయినా మేం బతికేవాళ్ళం. దాని కింద పడి నుజ్జయ్యేది గిడ్డయ్య ఒక్కడే.

గిడ్డయ్య మనవళ్ళను ఎత్తుకొని తిరిగాడు. నిండు వయసులో మంచం మీద పోయాడు.

ప్రార్థనలో కూర్చున్నప్పుడు కూడా నేను రూతమ్మతో గొడవపడుతూనే ఉంటాను. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియకపోయినా ఫర్వాలేదు. వాణ్ణెందుకు ఆపినావే? నేనైతే నోరు విప్పేదాన్ని కాదు.