పొగ రాని పొయ్యి

ఎనభయ్యో దశకం చివర్లో డిగ్రీ పూర్తి చేసి, పొగ రాని పొయ్యిలు కట్టడంలో శిక్షణ తీసుకున్నాను. "కట్టెలు తక్కువ పడతాయి, అడవి మిగులుతుంది, కండ్లు మండవు" అని అచ్చంపేట దగ్గరి ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఖాజాబీ అనే పెద్దామె జాలిపడి, "మా ఇంట్ల కట్టు బిడ్డా" అంది.

మట్టితో పొయ్యి కట్టి, పొగగొట్టాన్ని మిద్దె పైకి తీశాను. వాన పడుతుందేమోనని గొట్టం మూతిలో గోనెగుడ్డ కుక్కాను. మట్టి ఆరాక, ఊరి ఆడవాళ్లంతా చూస్తుండగా ఖాజాబీ పొయ్యి అంటించింది.

రెండు నిమిషాల్లో ఇల్లంతా పొగ! అందరూ దగ్గుకుంటూ బయటికి ఉరికారు.

"పొగ రాదంటివి గదనే! పొగ తప్ప ఇంకేం వస్తలేదు!" అని ఖాజాబీ కండ్లు తుడుచుకుంటూ అరిచింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు గుర్తొచ్చింది గోనెగుడ్డ! కొంగు నడుముకు చెక్కుకొని, నిచ్చెనెక్కి దాన్ని లాగేశాను. లోపల ఆగిన పొగంతా మసితో సహా నా మొహాన కొట్టింది.

కిందికి దిగేసరికి అందరూ పడీపడీ నవ్వుతున్నారు. ఖాజాబీ మాత్రం లోపలికి పోయి చూసొచ్చి, నా గడ్డం పట్టుకొని నలుగురికీ చూపించింది.

"ఇంట్ల ఇప్పుడు పొగ లేదు. అంతా పైకే పోతాంది. నమ్మకుంటే గీ పిల్ల మొహం చూడుండ్రి!"

ఆ సాయంత్రమే మరో నాలుగిండ్ల వాళ్లు నన్ను పిలిచారు. నెల రోజులు నేను చెప్పిన మాటలకు కదలని వాళ్లను, నల్లబడ్డ నా మొహం ఒక్క పూటలో ఒప్పించింది. సిగ్గుపడ్డ రోజే గెలిచిన రోజు కావడం నా జీవితంలో అదొక్కసారే.