పాప బడి మానేసిన కారణం

మేం కామాఠిపురలో ఒక చాల్‌లో, అంటే వరసగా ఒంటిగదులుండే పాత భవనంలో, మూడో అంతస్తులో ఉంటాం. గదుల ముందు పొడవునా వరండాలాంటి గ్యాలరీ ఉంటుంది. రెండేళ్ల క్రితం మా పదేళ్ల పాప ఒక్కసారిగా బడి మానేసింది. బలవంతంగా మెట్లు దించితే వణికిపోయి వాంతి చేసుకునేది. గాలి సోకిందని మా అత్తమ్మ తాయెత్తు కట్టించింది. అదీ పనిచేయక ఆసుపత్రిలో కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం. నాలుగు వారాలు పాపతో విడిగా మాట్లాడిన ఆవిడ, ఐదోసారి మా ఆయననూ నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నారు. "బడికి వెళ్తే ఏమవుతుందని భయం బేటా?" అని హిందీలో అడిగారు.

పాప నా కొంగు పట్టుకుని తెలుగులోనే చెప్పింది. "నేను ఇస్కూల్‌కు పోతే అమ్మ గ్యాలరీలకెల్లి దుంకుతది. నేను కావలి ఉండాలె."

మా ఆయనతో గొడవైనప్పుడల్లా "దుంకి సస్త" అని అరిచేదాన్ని. కోపం తగ్గాక నాకే గుర్తుండేది కాదు.

మా ఆయన పాప వైపు వంగాడు. "నేను గూడ దుంకు పో అంటి గద బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత ఆర్నెల్లు కౌన్సెలర్ దగ్గరికి ముగ్గురం కలిసే వెళ్లాం. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కింది మెట్టు నుంచే "అమ్మా" అని పిలుస్తుంది. పలకడం ఆలస్యమైతే ఆ గొంతులో భయం వినిపిస్తుంది. అందుకే చేతిలో ఏ పనున్నా వదిలేసి గట్టిగా పలుకుతాను.