మా స్కౌట్ మాస్టారు పెట్టని సంతకం

ఆదివారం పొద్దున్నే మా ఊరి కిరాణా కొట్టుకు ఫోన్ వచ్చింది. రేపల్లె హైస్కూల్లో స్కౌట్ మాస్టారు రాత్రి బాపట్లలో వాళ్ళింట్లో పోయారని, నిద్రలోనే గుండె ఆగిందని కొట్టతను వచ్చి చెప్పాడు. నిజమే రాస్తున్నాను, మీరు తిట్టుకున్నా సరే. ఆ కబురు వినగానే నాకు ఆయన మొహం గుర్తు రాలేదు. నా మనవడి పుస్తకం గుర్తొచ్చింది. అది ఆయన దగ్గర ఉండిపోయింది.

నేను అయిదో తరగతి దాకా చదివాను. గడ్డిబళ్ళకు మోకులు బిగించి బతికాను. నలుగురిలో మాట్లాడటం చేతకాదు. అందుకే ఈ కాగితం.

నా కొడుకు పోయాక మనవణ్ణి నేనూ వాడి నాయనమ్మా సాకాం. వాడు ఆరో తరగతిలో స్కౌట్లలో చేరాడు. అందులో మెట్లుంటాయి. ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్. ఒక్కో మెట్టుకు కొన్ని పనులు చేసి చూపిస్తే మాస్టారు పుస్తకంలో సంతకం పెడతారు. ఆ పైన రాజ్య పురస్కార్. దానికి బాపట్లలో క్యాంపు పెట్టి, బయటివాళ్ళు వచ్చి పరీక్ష చేస్తారు. అదీ దాటి పైకి వెళ్తే రైల్వే ఉద్యోగాల్లో కోటా ఉంటుందని ఎవరో చెప్పారు. మాకు పొలం లేదు. వాడి చదువు అంతంతమాత్రం. ఆ కోటా తప్ప నాకు ఇంకో దారి కనపడలేదు.

మొదటిసారి కలిసినప్పుడు మాస్టారు నాకు ఎడమ చెయ్యి చాపారు. నేను దణ్ణం పెట్టి ఊరుకుని, ఇంటికొచ్చి, మీ మాస్టారికి మర్యాద తెలీదురా అన్నాను. మనవడు పడీ పడీ నవ్వాడు. స్కౌట్లు ఎడమ చెయ్యే కలుపుతారట, గుండె అటువైపు ఉంటుంది గనక. వాడు ఆ సంగతి వెళ్ళి చెప్పినట్టున్నాడు. అప్పట్నుంచీ నేను కనపడితే చాలు, మాస్టారు రెండు చేతులూ వెనక్కి దాచుకుని నవ్వేవారు.

వాడికి అన్నీ వచ్చాయి, వెదుళ్ళ కట్టు తప్ప. రెండు బొంగులు అడ్డంగా పెట్టి తాడుతో బిగించాలి. వాడు కట్టిందల్లా జారేది. తొమ్మిదో తరగతిలో క్యాంపుకు వెళ్ళాడు. ఒక్కో పిల్లవాడూ ఒక గేటు కట్టాలి. జంతికలు పట్టుకుని నేనూ చూడబోయాను. పిల్లలు భోజనాలకు వెళ్ళారు. వీడి గేటు పక్కకు ఒరిగి ఉంది. నా చేతులు ఊరుకోలేదు. నాలుగు కట్లూ విప్పి నేనే బిగించాను.

బయటివాళ్ళు రాకముందు మాస్టారు ఒకసారి తిరిగి చూశారు. వీడి గేటు దగ్గర ఆగి, బొటనవేలితో కట్టు తడిమారు. నన్ను పిలిచారు.

"బాబాయిగారూ, ఇది గడ్డిబండి కట్టు. మీ వాడిదేదండీ?"

ఎవరికీ ఏమీ చెప్పలేదు. పరీక్షకు వెళ్ళేవాళ్ళ జాబితాలోంచి వాడి పేరు మాత్రం తీసేశారు. కాళ్ళు పట్టుకోబోయాను, పట్టుకోనివ్వలేదు. అప్పుడు అన్నాను, అనరాని మాట.

"మీకు పిల్లల్లేరు. మీకేం తెలుస్తుందండీ."

ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం మా గుమ్మంలో సైకిలు ఆగింది. "వాణ్ణి పంపండి బాబాయిగారూ, బండికి టైమవుతోంది" అన్నారు, ఏమీ జరగనట్టు. శనివారాలు ఆయన బాపట్ల వెళ్తారు. రేపల్లె ప్యాసింజరు తెనాలిలో దిగి బండి మారాలి. మధ్యలో గంట పైనే ఖాళీ. ఆ గంటే వాడికి బడి అయింది. ఆయన బండెక్కాక వాడు తిరుగు బండిలో ఇంటికొచ్చేవాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద రెండు కర్రలు, ఒక తాడు. కట్టించేవారు, విప్పించేవారు. "కళ్ళు మూసుకుని కట్టరా. వేళ్ళకు తెలిసిందాకా నీకు తెలిసినట్టు కాదు" అనేవారు. టీ అమ్మే అతను నవ్వేవాడు, రైలును కట్టేస్తారా ఏంటి మాస్టారూ అని. వీడి కట్టు నిలిస్తే దాన్నీ కట్టేద్దామనేవారు మాస్టారు.

నేనూ కొన్నిసార్లు వెళ్ళి పక్క బెంచీ మీద కూర్చునేవాణ్ణి. తప్పయిందండీ అని ఒక్క మాట అనాలి. నోటిదాకా వచ్చేది. వచ్చే శనివారం అనుకునేవాణ్ణి. ఏడాది గడిచింది.

మళ్ళీ క్యాంపు దగ్గరపడింది. ఈసారి వెళ్ళకపోతే వాడికి వయసు దాటిపోతుంది. పుస్తకంలో ఆఖరి పేజీ మీద మాస్టారు సంతకం ఉంటేనే లోపలికి రానిస్తారు. ఆ ఆఖరి శనివారం వాడి కట్టు నిలిచింది. మాస్టారు రెండు చేతులతో గుంజినా కదల్లేదు. ఇంటి దగ్గర తీరిగ్గా రాస్తానని పుస్తకం సంచిలో పెట్టుకుని బండెక్కారు. ఆ రాత్రే పోయారు.

మేం వెళ్ళేసరికి ఆయన్ను వరండాలో పడుకోబెట్టి ఉంచారు. మనవడు ఖాకీ బట్టలేసుకుని వచ్చాడు. పుస్తకం అడగటానికి నాకు నోరు రాలేదు. వాళ్ళావిడే లోపల్నుంచి తెచ్చి ఇచ్చారు. కొత్తగా అట్ట వేసి ఉంది. "అట్ట వేసి పడుకున్నారండి. పొద్దున రాస్తానన్నారు" అన్నారు. ఆయన పక్కనే నిలబడి ఆఖరి పేజీ తీశాను. ఏమీ లేదు. ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో నాకే తెలుసు.

పాడెకు పచ్చి బొంగులు తెచ్చారు. చుట్టాలకు కట్టడం రావటం లేదు, ఎత్తితే జారుతోంది. అలవాటు కొద్దీ నేను లేచి తాడు తీసుకున్నాను. మనవడు నా చేతిలోంచి తీసేసుకున్నాడు.

"నువ్వు కూర్చో తాతయ్యా."

అన్ని కట్లూ వాడే కట్టాడు. ఒక పెద్దాయన కాలుతో తన్ని చూశాడు. కదల్లేదు. ఎవరు నేర్పారు బాబూ అని అడిగితే, వాడు వరండా వైపు చూపించాడు.

క్యాంపు అయిపోయింది. అంతకుముందే ఇంకో స్కౌట్ మాస్టారిని వెళ్ళి అడిగాను. నేను చూడని పనికి నేనెలా సంతకం పెడతానండీ అన్నారు. ఆయన తప్పేం లేదు. వాడికి వయసు దాటింది. ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలీదు. అడుగుదామంటే మాస్టారు లేరు. తప్పయిందని చెప్పుకుందామన్నా లేరు.

ఆ ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బండిలో వాడు నా ఎదురుగా కూర్చున్నాడు. కొబ్బరి తాడు ఒరుసుకుని వాడి అరచేతులు రెండూ చీరుకుపోయాయి. తాడు పీచు చర్మంలో దిగి ఉంది. తీస్తానంటే వద్దన్నాడు. ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. కిటికీలోంచి గాలి కొడుతోంది. రేపల్లె వచ్చేదాకా ఆ చేతులు ముడుచుకోలేదు.