సీటు వీపు, అమ్మ నడుము

మా పాపకు ఐదేళ్లు నిండాక కారులో బెల్టు సరిగ్గా అందేలా ఎత్తుగా కూర్చోబెట్టడానికి బూస్టర్ సీటు కొన్నాం. దాని వీపు భాగం ఊడదీస్తే పీటలా కూడా వాడుకోవచ్చు. వీపు ఉండాల్సిందేనని నా భార్య, పీట చాలని నేను. ఈలోగా మా అమ్మ ఆ వీపు భాగాన్ని తన కుర్చీలో నడుముకు ఆనించుకుంది.

"ఇంత సుఖంగా ఉంటే దీన్ని కారుకెడతావేటిరా?" అంది.

చదువుకున్నవాణ్ణి కనుక అమ్మ నడుమునొప్పిని నా వాదనకు రుజువుగా తీసుకున్నాను.

ఆ ఆదివారం పాపను వీపు లేని పీట మీదే కూర్చోబెట్టి, అందరం మేముండే గార్డెన్ రీచ్ నుంచి చర్చికి బయల్దేరాం. ఏక్‌బాల్‌పూర్ దగ్గర బట్టల మూటలతో ఒక ఆటో అడ్డం వచ్చింది. గట్టిగా బ్రేకు వేశాను. తిరిగి చూస్తే పాప పక్కకు ఒరిగిపోయి ఉంది. భుజం మీద ఉండాల్సిన బెల్టు మెడ మీదికి వచ్చేసింది. పిలిస్తే పలకలేదు. వెనక సీట్లో పాప పక్కనే ఉన్న నా భార్య బెల్టు విప్పి ఒళ్లోకి తీసుకుంది.

"దాదా, బచ్చీ ఠీక్ హై?" అని, పాప బాగానే ఉందా అన్నట్టు, ఆటో అతను హిందీలో అడిగాడు. నేను దిగి వెనక తలుపు తీశాను.

అప్పుడు పాప కళ్లు నులుముకుని, "ప్రార్థన అయిపోయిందా?" అంది.

దారిలోనే నిద్రపోయి, ఆనుకోవడానికేమీ లేక ఒరిగిపోయిందన్నమాట. మెడ మీద చిన్న ఎర్రగీత తప్ప ఇంకేమీ లేదు.

ఇంటికి రాగానే అమ్మ తన కుర్చీలోని వీపు భాగం తీసి నా చేతిలో పెట్టింది. "నా నడుం ఎక్కడికీ పోదు. ముందు దానికెట్టు."

ఊడొస్తుంది కదా అని ప్రతిదీ ఊడదీయకూడదని డిగ్రీ వచ్చిన చాలా ఏళ్లకు తెలిసింది. అమ్మకు దిండు కొన్నాను. నా భార్య మాత్రం "నేను చెప్పలేదా" అని ఇంతవరకు అనలేదు. ఎదురుచూస్తున్నాను.