మూడు బొంతల బట్ట

మా మనవరాలికి ఈ మధ్య బొంతలు కుట్టే పిచ్చి పట్టుకుంది. వాళ్లు దాన్ని బొంత అనరు, క్విల్టు అంటారు. పేరు మారితే సూది గుచ్చుకోకుండా ఉంటుందా? ఇప్పటిదాకా కుట్టింది జానెడు. కొన్న గుడ్డ మాత్రం రెండు అలమారాలు నింపి, నా మంచం కిందికి కూడా దిగింది. మొన్న ఇంకో పార్సెల్ వచ్చింది. దాన్ని విప్పుతూ, "అమ్మమ్మా, అసలు ఎంత బట్ట కొనిపెట్టుకుంటే సరిపోతుంది?" అని అడిగింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఇదే ప్రశ్నతో ఒక మనిషి ఏళ్ల తరబడి మా ఇంటిల్లిపాదినీ వేపుకు తిన్నది.

ఆ మనిషి మా నాయనమ్మ. అప్పట్లో మా ఇల్లు వికారాబాదులో, రైలు కూత వినిపించేంత దూరంలో ఉండేది. అటక మీద గుడ్డ మూటలు, సందుగలో గుడ్డ మూటలు, చివరికి జొన్నలు పోసుకోవలసిన గుమ్మిలో కూడా గుడ్డ మూటలే. జొన్నల బస్తాలు నడవలో పడి ఉంటే వాటికి కాళ్లు తన్నుకుంటూ తిరిగేవాళ్లం. ఆ మూటలన్నీ బొంతల కోసం. ఆ ఇంట్లో బొంత మాత్రం ఉన్నది ఒక్కటే, అదీ చిరుగులది. అనంతగిరి వైపు నుంచి చలిగాలి మొదలైతే మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం ఆ ఒక్కదాని కింద దూరేవాళ్లం. నడుమ చోటు దొరికినదే ఆ రాత్రికి రాణి. అటు చివరా ఇటు చివరా ఉన్నవాళ్లు లాగి లాగి, తెల్లారేసరికి ఒకరితో ఒకరు మాటలు మానేసేవాళ్లు. గుమ్మి నిండా గుడ్డ పెట్టుకుని చలికి వణికిన సంసారం వికారాబాదు మొత్తంలో మాదొక్కటే అయివుంటుంది.

మా అమ్మ ప్రతి దసరాకూ అడిగేది. "అత్తమ్మ, ఒక్క బొంతన్న కుడదం. పిల్లలు సలికి ముడుసుకుంటున్నరు." నాయనమ్మ జవాబు మాకు కంఠతా వచ్చు. "ముగ్గురికి సాలేటంత కూడనియ్యే. పెద్దదానికి కుట్టిచ్చి చిన్నదానికి లేదంటే, రేపు అది నన్నడగదా?" మా వైపు ఆడపిల్ల తొలి కాన్పయి అత్తగారింటికి తిరిగి వెళ్లేటప్పుడు, పుట్టింటి బొంత వెంట పంపడం ఆనవాయితీ. మేం ముగ్గురం. కాబట్టి మూడు బొంతల బట్ట కూడితే తప్ప మొదటి బొంతకు సూది ఎక్కించకూడదన్నది ఆమె ధర్మం. అమ్మ గొంతు కాస్త పెరిగితే నాయనమ్మ దగ్గర ఇంకో మాట ఉండేది. "కొత్త గుడ్డ దొరకని దినాలు జూసిన నేను." ఆ మాటతో అమ్మ వంటింట్లోకి నడిచేది. రజాకార్ల గడబిడ రోజుల్లో దుకాణాలు మూసి, బట్ట కంట్రోలులో ఉన్నప్పుడు మా తాత పోయాడు. ఆయన మీద కప్పడానికి ఇంట్లో కొత్త గుడ్డ లేకపోతే పక్కింటివాళ్లు తమ సందుగలోంచి ధోతి తీసిచ్చారట. దాని మీద ఎవరేం మాట్లాడతారు? నాయన అయితే ఆ మాట వినగానే చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు.

గుడ్డ కొనడానికి నాయనమ్మ తాండూరు వెళ్లేది. వికారాబాదులో బట్టల దుకాణాలు లేక కాదు. తాండూరు బజారులో ఒక సేటు, తానుల్లో చివర మిగిలిన ముక్కలు ఆమె కోసం దాచిపెట్టేవాడు. రైల్లో నన్ను వెంట తీసుకుపోయేది. అది ముద్దుతో కాదు, కొలతకు. ఆమెకు గజంబద్ద మీద నమ్మకం లేదు. మనిషిని పడుకోబెట్టి కొలిస్తేనే బొంత కొలత. "గీడ పండుకో బిడ్డ, జర కాళ్లు సాపు," అని దుకాణంలో, నలుగురూ చూస్తుండగా, నన్ను ఆ నాపరాయి బండల మీద పడుకోబెట్టేది. చలికాలం తాండూరు బండ ఎట్లా ఉంటుందో వీపుకు తెలియాలి. కర్ణాటక పల్లెల నుంచి సరుకు కొనడానికి వచ్చినవాళ్లు కన్నడంలో ఏదో అనుకుని నవ్వేవారు. సిగ్గుతో నేను కళ్లు మూసుకునేదాన్ని. సేటుకే జాలేసి, "అవ్వా, పిల్లకు సర్దయితది, లేపు," అనేవాడు. నాయనమ్మ లేపేది కాదు. నా మీద ముక్కలు పరిచి, తల దాకా లాగి, పాదాల దాకా లాగి, పెదవి విరిచేది. "సాలదు సేటు. ఇది ఇంక పెరుగుతది. పక్కల రేపు దీని పిల్లలు గూడ పండాలె గద." అలా పుట్టని పిల్లలకు కూడా జాగా చూసి కొనేది. మరుసటేడు నేను నిజంగానే బెత్తెడు పెరిగేదాన్ని. నిరుటి బట్ట చాలదని మళ్లీ తాండూరు ప్రయాణం.

ఆ గుడ్డను ఉతికితే కుదించుకుపోయి కొలత తప్పుతుందని దుకాణం గంజితోనే, కరకరలాడుతూ ఉండగానే మడిచి మూట కట్టేది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. అమ్మ ఒకసారి మూటను ఎండలో పెడతానంటే, ఎండకు కూడా కొంచెం తగ్గుతుందని అడ్డుపడింది. ఇంతటి జాగ్రత్తతో ఎవరు వాదిస్తారు?

ఇంతలో మా అక్కకు తాండూరులోనే సంబంధం కుదిరింది, పెళ్లయింది, తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. దసరా దాటాక పాప పుట్టింది. పుష్యమాసం రాకముందే తల్లినీ బిడ్డనూ పంపించాలి. అక్క అత్తగారిది నాపరాయి ఇల్లు. కింద బండలు, గోడలు బండలు, పైకప్పు కూడా బండలే. వేసవిలో స్వర్గం. చలికాలంలో ఆ నేల మీద పసిగుడ్డు ఎట్లా పడుకుంటుందన్నదే అమ్మ దిగులు. మా బావకు చెప్పి మంచం చేయించవచ్చు గదా అని నాయన అన్నాడు. తల్లీపిల్లా మంచం మీదుంటే పిల్ల దొర్లి పడదా అని అమ్మ, నాయనమ్మ ఇద్దరూ కలిసి ఆయన మీద పడ్డారు. వాళ్లిద్దరూ ఒక్కమాట మీద నిలబడడం నేను అప్పుడే చూశాను. అక్కడితో ఆ పొత్తు ముగిసింది. బొంత మాట ఎత్తగానే నాయనమ్మ, "ఇంగొక్క తాండూరు బోయొస్త," అంది.

అమ్మ చేతిలో పాప ఉంది. పాపను అక్క ఒళ్లో పెట్టి వచ్చి నిలబడింది. "అత్తమ్మ, ఇయ్యాల నువ్విప్పుతవా, నన్నిప్పమంటవా?" గట్టిగా కూడా అనలేదు. నాయనమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి సందుగ తెరిచింది.

పై మడత బాగానే ఉంది. దాన్ని దులపగానే మడత వెంట గుడ్డ విడిపోయింది. వెండి పొట్టులాంటి సన్నటి పురుగులు నాలుగు వైపులా పరుగెత్తాయి. గంజి రుచి మరిగి, ఏళ్ల తరబడి లోపల్లోపల తిన్నాయి. ఎర్రచుక్కల చీటిగుడ్డ, కోరాగుడ్డ, నన్ను బండ మీద పడుకోబెట్టి కొలిచిన నీలం ముక్క, ఏది విప్పినా జల్లెడే. అటక మీదివీ దించాం, గుమ్మిలోవీ తీశాం. అన్నిటిదీ అదే కథ. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇన్ని చలికాలాలు మేం వణికింది ఈ పురుగుల సంతర్పణ కోసమా అని కోపం వచ్చింది. నాయనమ్మ చిల్లుల గుడ్డ ఒళ్లో వేసుకుని కూర్చుంది. "ఉతికితే కొంచమైతదని ఉతకలే," అంది, అంతే.

అమ్మ ఇక అందుకుంటుందని అందరం ఎదురుచూశాం. ఇన్నేళ్ల బాకీ ఉంది మరి. అమ్మ మాత్రం లోపలికి వెళ్లి, తాను కట్టి కట్టి మెత్తబడ్డ చీరలు, నాయన ధోతులు తెచ్చి కింద పడేసింది. "పైకి గివి వేద్దం. అవి లోపటి పొరలకు పనికొస్తయి తియ్యి అత్తమ్మ," అంది. ఎన్నోసార్లు ఉతికి గంజి అన్నది మిగలని ఆ పాత గుడ్డల్లో ఒక్క చిల్లు లేదు. జల్లెడ గుడ్డలను వేడినీళ్లలో ముంచి, ఆరబెట్టి, నడుమ పొరలుగా పరిచారు. నాలుగు మూలలా బరువుకు రాళ్లు పెట్టి, అత్త ఒక అంచు నుంచి, కోడలు ఇంకో అంచు నుంచి కుట్టుకుంటూ వచ్చారు. అమ్మ కుట్టు దూరమైందని నాయనమ్మ గొణిగి, విప్పి మళ్లీ కుట్టింది. ఆమె గొణగడం వినిపించాక ఇంట్లో అందరికీ ఊపిరి వచ్చింది. ఆఖరి మూల మూసే ముందు జొన్నరొట్టె తుంట ఒకటి లోపల పెట్టారు. బొంత కడుపు ఖాళీగా ఉంటే అది మనిషిని వెచ్చగా ఉంచదని మావాళ్ల నమ్మకం. ఎలుకలను పిలిచి పీట వేయడమేనని నాయన అన్నాడు. ఆయన మాట ఎవరు వినిపించుకున్నారు?

అక్కను దిగబెట్టడానికి అమ్మ, నాయనమ్మ, నేను తాండూరు వెళ్లాం. పాపను ఆ బొంత మీద పడుకోబెడితే అటూ ఇటూ చూసి నిద్రపోయింది. తిరిగి స్టేషనుకు వస్తుంటే సేటు దుకాణంలోంచే పిలిచాడు. "అవ్వా, మంచి ముక్కలొచ్చినయి." నాయనమ్మ గడపలో నిలబడి పసుపుపచ్చ ముక్క ఒకటి వేళ్లతో నలిపి చూసింది. నేను భయంతో అమ్మ వెనక్కి జరిగాను, మళ్లీ పడుకోమంటుందేమోనని. పడుకోమనలేదు. ముక్కను మడిచి బల్ల మీద పెట్టేసింది. "వద్దు సేటు. ఎంత గావాల్నో నాకు తెలుస్తలేదు. తెలిసినోల్లకియ్యి."

అప్పటికి అమ్మ నాలుగడుగులు ముందుంది. వెనక్కి తిరిగి వచ్చింది. "అది జింపు సేటు. రెండు గజాలు," అంది. నాయనమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఎందుకే?" అమ్మ ఆ గుడ్డ తీసుకుని నాయనమ్మ సంచిలో కుక్కింది. "ఇంక ఇద్దరు బిడ్డలున్నరు గద. ఇంటికి వోంగనె ఉతుకుదం, నడువు." ఇన్నేళ్లు మూటల మీద యుద్ధం చేసిన మనిషి, తన చేత్తో మళ్లీ మూట మొదలుపెట్టింది. రైల్లో నేను కోపంతో ఇద్దరికీ దూరంగా, ఎదుటి బల్ల మీద కూర్చున్నాను. వాళ్లు ఆ సంచిని నడుమ పెట్టుకుని, దాని మీద చెరో చెయ్యి వేసి నిద్రపోయారు.

ఆ రోజు నాకు వాళ్ల మీద ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది, ఎందుకు వచ్చిందో మాత్రం సరిగ్గా గుర్తులేదు. ఇప్పుడు నా వయసు అప్పటి నాయనమ్మ వయసును దాటింది. గడిచిన చలికాలాలను ఎవరైనా లెక్కపెట్టగలరు. రాబోయేవాటికి సరిగ్గా గుడ్డ కొలిచి పెట్టగలిగినవాళ్లు మాత్రం ఇంతవరకు పుట్టలేదు.